గడ కోసమే వెళ్ళాను

బెనిసాల్ రేవు, 1938

జూలై 23

ఎండ. ఏరు బాగా తగ్గింది, రేవు మెట్లు అడుగుదాకా బయటపడ్డాయి. ఫ్రాంకో సిపాయిలు మెట్ల మీద కూర్చుని పుచ్చకాయలు తింటూ తొక్కలు నీళ్ళలోకి విసురుతున్నారు. అవతలి ఒడ్డున రిపబ్లిక్ సర్కారు వాళ్ళు. ఏప్రిల్ నుంచీ ఇంతే. వీళ్ళు ఇటు, వాళ్ళు అటు, మధ్యలో మా ఎబ్రో ఏరు.

ఇవాళ కూడా సార్జెంటు అడిగాడు. "ఏయ్ ముసలోడా, సరంగువంటున్నారు, పడవేదీ?"

"మీకు భయపడి రిపబ్లిక్ వాళ్ళు పారిపోతూ అన్నీ తగలేశారు దొరా," అన్నాను.

నవ్వాడు, నమ్మాడు. పొగిడితే నమ్మని సార్జెంటు ఇంకా పుట్టలేదు. పడవ ఉంది. మార్చిలోనే పాయలోకి తీసుకెళ్ళి రాళ్ళు నింపి ముంచి పెట్టాను. పలకలు ఎండకు నెర్రెలు విచ్చకుండా మా ఏటివాళ్ళం చేసే పనే అది. ఒడ్డున పెడితే పడవ చస్తుంది, నీళ్ళలో ముంచితే బతుకుతుంది. పైగా దొంగల కంట పడదు. దొంగలంటే రెండు సైన్యాలనూ కలిపే అంటున్నాను.

మా అమ్మాయి తెక్లా మేడ మీద నిలబడి అవతలి ఒడ్డు చూస్తోంది. దాని మొగుడు అటున్నాడు. ఉండనీ.

జూలై 25

శాంత్ జౌమె పండగ. గంట కొట్టే దిక్కులేదు గాని ఫిరంగులు బాగానే కొట్టాయి. తెల్లారేసరికి ఫ్రాంకో వాళ్ళు లేరు, వీధి నిండా రిపబ్లిక్ వాళ్ళే. ఎక్కడెక్కడి పడవలో బండ్ల మీద తెచ్చి చీకట్లో దాటారట. తడిసిన కోళ్ళలా ఉన్నారు, అయినా పాటలు. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి వైన్ పోస్తున్నారు. మొన్న వాళ్ళకు పోసిన కూజాలే ఇవాళ వీళ్ళకు.

వాడూ వచ్చాడు. తెక్లా పట్టపగలు వీధిలో మెడ పట్టుకుని వేలాడింది.

"బాగున్నావా మామా?" అన్నాడు బల్దిరి.

"నీ దయ."

"పడవ పైకి తియ్యాలి. దెబ్బలు తగిలినవాళ్ళు గుడి నిండా ఉన్నారు, అవతలి ఒడ్డుకు చేర్చాలి. వంతెన కట్టేదాకా ఆగరు, చచ్చిపోతారు."

"ఏ పడవ?"

"పాయలో ముంచావే, అది. రాళ్ళు మోసింది నేనే కదా. నా భుజం ఇంకా మర్చిపోలేదు," అని నవ్వాడు.

వాడి నవ్వంటే నాకు ఒళ్ళుమంట. కొండల్లో హేజెల్ కాయలు ఏరుకునే ఇంటివాడు, నీళ్ళంటే బావిలో నీళ్ళే తెలుసు. యుద్ధం మొదలైన ఏడు ఊరి విప్లవ కమిటీలో చేరి, మూడు తరాల మా బల్లకట్టుకు వాళ్ళ జెండా రంగులు ఎరుపూ నలుపూ పూసి, "ఏటికి యజమాని ఉండడు మామా, ఇది జనానిది" అన్నప్పుడూ ఇదే నవ్వు. ఆ జనం బల్లకట్టును ఏప్రిల్లో వెనక్కి పోతూ మందు పెట్టి పేల్చారు. వత్తి అంటించింది వీడే. అప్పుడు మాత్రం నవ్వలేదట, తెక్లా చెప్పింది. నాకేం ఒరిగింది?

ఊళ్ళో అందరూ "నీ అల్లుడు, నీ అల్లుడు" అంటారు. తెక్లాకి మొగుడున్నాడు. నాకు అల్లుడు లేడు.

జూలై 26

పొద్దున్నే పడవ పైకి తీశారు. రాళ్ళు తీసేకొద్దీ దానంతటదే లేచింది. ఒక్క పలక కూడా సడల్లేదు. నా చేతి పని.

దెబ్బలు తగిలినవాళ్ళను పడుకోబెట్టారు. వైద్యం చేసే కార్పొరల్ నా వైపు చూసి, "గడ పట్టండి సరంగు గారూ," అన్నాడు.

"నేనెందుకు? బల్లకట్టు లాక్కున్న రోజు నన్నడిగారా? జనం పడవ జనమే నడుపుకోండి."

"నాన్నా, ఆయనకి గడ పట్టడం రాదు," అంది తెక్లా.

"దేశాన్నే నడుపుతున్నారు. పడవెంత?"

బల్దిరి ముఖం ఎర్రబడింది. మాట్లాడకుండా గడ నా చేతిలోంచి తీసుకుని ఎక్కాడు.

కార్పొరల్ మళ్ళీ అడిగాడు, "ఏరు ఎలా ఉంది? అది చెప్పడానికైనా అభ్యంతరమా?"

చూశాను. నిజంగానే చూశాను. నీళ్ళు ఆకుపచ్చగా, తేటగా ఉన్నాయి. నురగ లేదు, రెల్లు లేదు, పుల్ల లేదు. పైన ఎబ్రోలో కలిసే సెగ్రె పొంగితే ముందు ఎర్రమన్ను రావాలి. ఎక్కడ వరదొచ్చినా దానికి ముందు రెల్లు కొట్టుకురావాలి. మా తాత, మా నాన్న, నేను, ఇది చూసే దాటించాం, ఒక్క ప్రాణం పోలేదు.

"నిద్రపోతోంది. పసిపిల్లయినా దాటిస్తుంది," అన్నాను.

నడి ఏట్లో ఉండగా లేచింది. తేటగానే లేచింది. గోడలా. గట్టు మీంచి "ముక్కు పైకి తిప్పు! పైకి తిప్పు!" అని అరిచాను. వాడు కిందికి, పారే వైపు తిప్పాడు. పడవ బోర్లాపడింది.

పైన ఆనకట్టల తలుపులు ఫ్రాంకో వాళ్ళు ఎత్తేశారట. ఆనకట్ట నీళ్ళకు మన్నేది, రెల్లేది.

జూలై 27

నీళ్ళు తేటగా ఉన్నాయి. ఉన్న మాటే చెప్పాను.

జూలై 29

కార్పొరల్ బతికాడు. పలక పట్టుకుని అవతలి ఒడ్డుకు చేరాడు. దిగువన ఇంకా ఒకరిద్దరిని సైనికులు లాగి, సగం ప్రాణంతో ఉన్నవాళ్ళను లారీలో ఆస్పత్రికి పంపారని చెప్పి పంపించాడు. పేర్లు తెలియవట. తెక్లా ఆ మాటను కొంగున కట్టుకుంది.

గోడ అవతలి ముండేటా, సిపాయిల బట్టలు ఉతికే విధవ, రేవులో పదిమంది ఆడవాళ్ళ మధ్య నాకు వినపడేటట్టే అంది: "పగ తీర్చుకోడానికి కొందరికి కత్తి కావాలి. మా సరంగుకి ఏరుంటే చాలు."

"నీ నాలుక ఉతుక్కో ముందు," అన్నాను.

"ఉతుకుతాలే. నీ అల్లుడి చొక్కా ఒకటి నా దగ్గరుంది, అదెవరికివ్వను?"

ఎవరూ నవ్వలేదు. తిట్టినా బాగుండేది, ఎవరూ తిట్టలేదు.

తెక్లా అక్కడే ఉంది. ఇంటికొచ్చాక పళ్ళెం నా ముందు పెట్టి, "తినండి సరంగు గారూ," అంది. పుట్టి ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా పిలవలేదు. అలకలే, వారం ఉండదు.

ఆగస్టు 3

గడ వెతకడానికి దిగువకు వెళ్ళాను. మంచి గడ అది, మా నాన్న చెక్కింది. ఎక్కడో రెల్లులో చిక్కుకునే ఉంటుంది. దొరకలేదు.

ఆగస్టు 4

గడ కోసం వెళ్ళాను. దొరకలేదు.

ఆగస్టు 6

వంతెన కట్టే కెప్టెన్ పిలిపించాడు. పగలు విమానాలు వంతెన విరగ్గొడుతున్నాయి, చీకటి పడగానే వీళ్ళు కడుతున్నారు. విమానాలు తప్పితే ఏరు విరగ్గొడుతోంది. "మళ్ళీ ఎప్పుడు పొంగుతుంది, మీకు తెలుస్తుందటగా?" అన్నాడు.

"ఆనకట్ట మీద కూర్చున్నవాణ్ణి అడగండి. టెలిఫోను మీకుంది, నాకు లేదు."

"మాట్లాడే పద్ధతేనా అది? మీరు ఎవరి పక్షం?"

"ఏటి పక్షం," అన్నాను. గోడకు నిలబెడతానన్నాడు. నిలబెట్టలేదు, పలకలు బిగించే మనిషి దొరకడు కదా. సాయంత్రందాకా మేకులు కొట్టించుకున్నాడు.

ఆ తర్వాత గడ కోసం వెళ్ళాను.

ఆగస్టు 11

ఈ ఏడు ఊళ్ళో ఎవరూ పాములా ఉండే మలుగుచేప తినడం లేదు. ఏట్లో అవి ఏం తిని బలిశాయో అందరికీ తెలుసు. ముండేటా ఒకటి వండిందని, ఎవరో తలుపు మీద పేడ కొట్టారు.

వంపు దగ్గర ముగ్గురు సిపాయిలు కొట్టుకొచ్చి ఉన్నారు. ఒక్కొక్కణ్ణి తిప్పి ముఖం చూశాను. గడ లేదు.

ఆగస్టు 12

తెక్లా ఇవాళ ఒక్క మాట మాట్లాడింది. "రోజూ ఎక్కడికెళ్తున్నారు?"

"గడ కోసం."

"ఒక కర్ర కోసం!" అంది. ఆ తర్వాత ఏడ్చిందనుకుంటాను. నేను లోపలికి చూడలేదు.

ఆగస్టు 19

పడవ దొరికింది. దిగువ లంకలో, రెల్లు మధ్య బోర్లా పడి ఉంది. పక్క పలకలు రెండు పోయాయి. గడ కూడా దొరికింది, పడవ కిందే.

పడవ తెరచాప వాణ్ణి చుట్టడానికి పనికొచ్చింది. లంకలో మన్ను మెత్తగానే ఉంది. మధ్యాహ్నందాకా తవ్వాను. ప్రార్థన చెప్పాలా వద్దా అని ఆలోచించాను. వాడికి దేవుడు పడడు. సగం చెప్పి ఆపాను.

గడ ఇంటికి తేలేదు.

ఆగస్టు 20

తెక్లాకి చెప్పాలి. రేపు.

ఆగస్టు 24

పొద్దంతా బాంబులు. రొట్టెల భట్టీ పోయింది. ఇలాంటప్పుడు ఏం చెప్తాం.

ఆగస్టు 31

పడవకు కొత్త పలకలు వేస్తున్నాను. చేతులు ఊరికే ఉండలేవు.

సెప్టెంబరు 8

ఇవాళ జరిగింది రాయాలి.

మా ఏటి ఊళ్ళలో ఒక ఆచారం ఉంది. మునిగినవాడు దొరక్కపోతే రొట్టెలో కొవ్వొత్తి గుచ్చి నీళ్ళలో వదులుతారు. మనిషి ఎక్కడున్నాడో రొట్టె అక్కడ ఆగి తిరుగుతుంది. మా అమ్మ కాలంలో అలా ఇద్దరిని పట్టారు. తెక్లా ఎవరి మాటా వినకుండా వారం రొట్టె వాటా దాచి, కొవ్వొత్తి ముక్క ముండేటాని అడుక్కుని రేవుకు వెళ్ళింది. ముండేటా, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక నేను. వంతెన మీద సిపాయిలు ఆకలి కళ్ళతో ఆ రొట్టెను చూశారు. ఒక్కడూ ముట్టుకోలేదు.

రొట్టె వెళ్ళింది. గట్టు వెంట నడిచాం. వంపు దగ్గర ఆగుతుందనుకున్నారు, ఆగలేదు. సుడి దగ్గర ఆగలేదు. లంక పక్కనుంచి పోయింది, నా గుండె ఆగింది, రొట్టె ఆగలేదు. కొవ్వొత్తి ఆరకుండా సముద్రం వైపు వెళ్ళిపోయింది.

ఆగదు మరి. వాడు నీళ్ళలో లేడు, మట్టిలో ఉన్నాడు. మట్టిలో పెట్టింది నేనే.

"లేడు! ఏట్లో లేడు! చూశారా అత్తా, లేడు!" అని తెక్లా ముండేటా భుజాలు పట్టుకుని ఊపేసింది. "లారీలో వెళ్ళాడు. ఆస్పత్రిలో ఉన్నాడు. నేననలా?"

ముండేటా నా ముఖం చూసింది. ముసలిదానికి కళ్ళు ఎక్కువ. "ఏరు అబద్ధమాడదమ్మా," అంది తెక్లాతో, నన్నే చూస్తూ.

ఇంటికొచ్చి తెక్లా రెండు గిన్నెల పప్పు తింది. పని చేసుకుంటూ పాట తీసింది. జూలై తర్వాత అది పాడటం ఇదే.

నేనేం అనలేదు.

సెప్టెంబరు 9

అనవచ్చు. ఏ రోజైనా అనవచ్చు. తొందరేముంది.

సెప్టెంబరు 27

ద్రాక్ష కోతకు మగవాళ్ళు లేరు. తోటల్లో పేలని గుండ్లు. ఆడవాళ్ళు కోస్తున్నారు. పాండోల్స్ కొండ మీద పగలూ రాత్రీ ఒకే మోత. కొండ ఒకరోజు వీళ్ళది, మర్నాడు వాళ్ళది. దాని మీద రాయి తప్ప ఏమీ లేదు, చిన్నప్పుడు మేకలు కూడా ఎక్కేవి కావు.

అక్టోబరు 5

"ఆస్పత్రి నుంచి ఉత్తరం రావాలంటే ఎన్నాళ్ళు పడుతుందంటారు?" అని తెక్లా అడిగింది. నన్ను కాదు, బట్టలు తెచ్చిన సిపాయిని. వాడు వట్టి మంచివాడు, "వస్తుందక్కా, టపా అంతా తలకిందులుగా ఉంది," అన్నాడు. వాణ్ణి చెంపదెబ్బ కొట్టాలనిపించింది.

అక్టోబరు 18

పడవ పూర్తయింది. పాయలో ముంచాను. ఈసారి రాళ్ళు నేనే మోసుకున్నాను.

అక్టోబరు 30

కవాల్స్ కొండ పోతుందంటున్నారు. ఇంత ఫిరంగి మోత నేను వినలేదు. కిటికీ రెక్కలు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. తెక్లా నాకు పళ్ళెం పెడుతుంది, బట్టలు ఉతుకుతుంది, నా ముఖం చూడదు. ఉప్పు వేయడం మానేసింది. ఉప్పు లేదంటుంది. సిపాయిలకు వండే పప్పులో ఉంది.

నవంబరు 8

కొండలు పోయాయి. రిపబ్లిక్ వాళ్ళు వెనక్కి వస్తున్నారు. జూలైలో పాడినవాళ్ళలో ఎవరూ పాడటం లేదు. జూలై వాళ్ళు ఎంతమంది మిగిలారో.

నవంబరు 11

ముండేటా గోడ మీంచి పిలిచింది. "ఇదిగో సరంగూ, నీ మీద ప్రేమతో కాదు, చెప్తున్నా విను. పై ఊళ్ళో ఫ్రాంకో వాళ్ళు దిగారట. కమిటీ వాళ్ళ పెళ్ళాలకి తల గొరిగి, ఆముదం తాగించి, బజారులో నడిపించారట. ఇద్దరిని గోడకి నిలబెట్టారట. దాన్ని దాటించు."

"అది కదలదు."

"ఎందుకు కదలదో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజు రొట్టె చూసి నీ ముఖంలో నెత్తురు లేదు. ఎక్కడ పెట్టావు?"

చెప్పాను. ముండేటా శిలువ గుర్తు వేసుకుంది. "నువ్వు చెప్తావా, నేను చెప్పనా?" అంది.

నవంబరు 12

ముందు చెప్పకుండా ఒప్పించాలని చూశాను. "పద, వంతెనలు పేల్చేస్తారు రెండు మూడు రోజుల్లో."

"నేను రాను సరంగు గారూ. ఆయన ఇక్కడికే వస్తాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఏమనుకుంటాడు?"

"నిన్ను చంపుతారే!"

"మీరుండగా వేరేవాళ్ళెందుకు?" అంది.

నవంబరు 13

చెప్పాను.

సిపాయి చొక్కాకు మాసిక వేస్తోంది. "ఆస్పత్రిలో లేడు. ఆగస్టులోనే దొరికాడు. దిగువ లంకలో పూడ్చాను," అన్నాను. దారం పళ్ళతో కొరికి, సూది చొక్కాకు గుచ్చి, మడత పెట్టింది.

"రొట్టె వదిలిన రోజు మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను ఎగిరెగిరి నవ్వుతుంటే చూస్తూ నిలబడ్డారు."

"అవును."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆ రోజు నువ్వు కడుపునిండా తిన్నావు."

"అందుకా?"

"అందుకూ."

"ఇంకెందుకు?"

దానికి చెప్పనిది ఇక్కడ రాస్తాను. భయం. ఫిరంగులకు లేని భయం దాని కళ్ళకు. గడ గడ అని రాసుకుంటూ తిరిగాను, వాణ్ణే వెతుక్కున్నాను. దొరికాక దాచుకున్నాను. చెప్తే ఆ పళ్ళెం కూడా పెట్టదని భయం.

పొయ్యి మీది గరిటె తీసి విసిరింది. చెవి మీద తగిలింది. తర్వాత పిడికిళ్ళతో కొట్టింది. నేను చేతులు అడ్డం పెట్టలేదు, బలం లేక అదే ఆగిపోయింది.

"చూపించండి," అంది.

నవంబరు 14

చూపించాను. లంక మీద మంచు పట్టి ఉంది. గుర్తుగా నేను దిగేసిన గడ దగ్గర కూర్చుంది. ఏడవలేదు. గడ పట్టుకుని అంది, "ఈయన్ని వాళ్ళకొదిలి నేను రాను."

"చచ్చినవాణ్ణి ఏం చేస్తారే?"

"కమిటీ వాళ్ళ గోరీలు తవ్వి కుక్కలకేశారట పై ఊళ్ళో. ముండేటా అత్త చెప్పలేదా మీకు? ఆయన్నీ ఎక్కించండి. ఎక్కిస్తే వస్తాను."

"పడవ చిన్నది, ఏరు..."

"జూలైలో గడ పట్టమంటే కుదరదన్నారు. ఇప్పుడూ కుదరదా?"

పార తీసుకున్నాను.

నవంబరు 16

అవతలి ఒడ్డున, ఆలివ్ చెట్ల కింద కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున పొగమంచు. ముక్కు ముందున్న గడ కనపడలేదు. పై వంతెన మీద ఆఖరి సిపాయిలు దాటుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మా వీధిలో అప్పుడే కొత్త బూట్ల చప్పుడు. తెరచాపలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే మోశాను, తెక్లాని ముట్టుకోనివ్వలేదు. వాడు బతికుండగా ఎంత బరువుండేవాడో నాకు తెలియదు, ఒక్కసారైనా చెయ్యి వేస్తే కదా. ఇప్పుడేం బరువు లేడు. పడవ మధ్యలో పడుకోబెట్టాను. తెక్లా వాడి తల వైపు, నాకు వీపు పెట్టి కూర్చుంది.

ఏరు ఎలా ఉందని తెక్లా అడగలేదు. అడిగినా చెప్పలేను. మంచులో నీళ్ళ రంగు కనపడదు, కనపడినా ఇక నాకు నమ్మకం లేదు. అడుగడుక్కీ గడతో లోతు చూసుకుంటూ, కొత్తగా పని నేర్చుకునేవాడిలా, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని తోశాను. నడి ఏట్లో వంతెన పేలింది. అల వచ్చింది. ముక్కు పైకి తిప్పాను. తెక్లా రెండు చేతులతో తెరచాపను పట్టుకుంది.

ఒడ్డు నుంచి కాపలావాడు అరిచాడు. "ఎవరది? ఆగండి! ఎంతమంది?"

"ముగ్గురం! కాల్చకండి!" అని అరిచాను. "నేను, మా అమ్మాయి, మా అల్లుడు!"

మంచులో ఆ మాట చాలా దూరం పోయినట్టుంది. అవతలివైపు బూట్లవాళ్ళకు కూడా వినపడే ఉంటుంది.

తెక్లా తల తిప్పలేదు.

"ఇప్పుడా?" అంది.

ఒడ్డు దగ్గరపడింది. గడ అడుగుకు దించి పడవ నిలబెట్టాను.